బ్యాంకు అన్యాయంగా కోసిన ఛార్జీలు వెనక్కి రాబట్టడం ఎలా? బ్రాంచ్ కౌంటర్ నుంచి వినియోగదారుల కమిషన్ దాకా

"ఖాతాలో డబ్బు కట్ అయింది, బ్రాంచ్‌కి వెళ్తే సిస్టమ్ ఆటోమేటిక్‌గా కట్ చేస్తుందండీ, మా చేతుల్లో ఏం లేదు అన్నారు, ఇప్పుడేం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అధికారికి వెళ్లాలి. అక్కడా న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. స్మాల్ కాజెస్ కోర్టుకి వెళ్లాలా అని కొందరు అడిగారు కానీ, చిన్న మొత్తాల బ్యాంకు గొడవలకు మన దగ్గర ఆ పని చేసేది వినియోగదారుల కమిషనే. ఈ మూడింట్లో ఎక్కడా లాయర్ తప్పనిసరి కాదు, మనలాంటి చిన్న మొత్తాలకు ఎక్కడా ఫీజు లేదు.

ఒక్క విషయం మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. "ఛార్జీ మరీ ఎక్కువ వేశారు" అంటే ఎవరూ వినరు, ఎంత వేయాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం అని పక్కన పెట్టేస్తారు. "ఫలానా నియమం తప్పి వేశారు" అంటే మాత్రం జవాబు చెప్పి తీరాలి. కింద చెప్పేదంతా ఆ రెండో వాక్యం రాయగలగడం కోసమే.

## 1. మీది ఏ రకం ఛార్జీనో తేల్చుకోండి

అన్ని ఛార్జీలూ అన్యాయం కావు. చెక్ బౌన్స్ అయితే ఛార్జీ పడుతుంది, అది ముందే చెప్పిందే. కింద రాసినవి మాత్రం గట్టిగా పోరాడదగ్గవి.

మినిమం బ్యాలెన్స్ పెనాల్టీ. ఎక్కువ కేసులు ఇవే. ఆర్బీఐ 2014 నవంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందు ఎస్ఎంఎస్, మెయిల్ లేదా ఉత్తరం ద్వారా చెప్పాలి. చెప్పిన రోజు నుంచి కనీసం నెల గడువివ్వాలి. ఆ తర్వాతే పెనాల్టీ. అది కూడా ఎంత తగ్గిందో దానికి తగ్గట్టే ఉండాలి, శ్లాబులు పెట్టుకోవచ్చు కానీ వంద తగ్గినా పదివేలు తగ్గినా ఒకటే మొత్తం అంటే కుదరదు. అన్నిటికన్నా ముఖ్యం, కేవలం ఈ పెనాల్టీ వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు.

వాడకంలో లేని ఖాతాలో పెనాల్టీ. రెండేళ్లకు పైగా మీరు ఏ లావాదేవీ చేయక ఇనాపరేటివ్ అయిన ఖాతాలో మినిమం బ్యాలెన్స్ లేదని కోయడానికి వీల్లేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమం ఇది.

జన్‌ధన్, బేసిక్ సేవింగ్స్ ఖాతాలు. వీటికి మినిమం బ్యాలెన్స్ అన్నదే లేదు.

ఏటీఎం ఛార్జీ. మిషన్‌లో డబ్బు లేకపోవడం వల్లో, సాంకేతిక లోపం వల్లో ఫెయిలైన లావాదేవీని ఉచిత లావాదేవీల లెక్కలో కలపకూడదు. ఉచితం దాటాక వేసే ఛార్జీకి గరిష్ఠం 2025 మే 1 నుంచి రూ.23, దాని మీద జీఎస్టీ. డబ్బు రాకుండానే ఖాతాలో కట్ అయితే 5 రోజుల్లో తిరిగి వేయాలి, ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ.100 ఇవ్వాలి, మీరు అడక్కపోయినా ఇవ్వాలి.

ఎస్ఎంఎస్ ఛార్జీలు. పంపిన మెసేజ్‌ల లెక్కను బట్టే తీసుకోవాలి.

అడగని బీమా. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి రూ.436, సురక్షా బీమా రూ.20, ఏటా మే, జూన్ నెలల్లో కట్ అవుతుంటాయి. రెండూ మంచి పథకాలే, కానీ మీ సమ్మతి లేకుండా చేర్చకూడదు. "నేను సంతకం పెట్టిన ఫారం కాపీ ఇవ్వండి" అని అడగండి.

లోన్ ఛార్జీలు. ఆలస్య రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. కొత్త లోన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాత లోన్లకు ఆ ఏడాది జూన్ 30 లోపు ఇది వర్తించింది. వ్యాపారానికి కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్ ముందే తీర్చేస్తే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఉండదు. 2024 అక్టోబరు 1 తర్వాత తీసుకున్న రిటైల్ లోన్ అయితే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి ఉంటారు, అందులో లేని ఛార్జీని మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తీసుకోకూడదు.

## 2. స్టేట్‌మెంట్ తీసి లెక్క కట్టండి

ఫిర్యాదు రాసే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. నెట్ బ్యాంకింగ్‌లో కనీసం రెండేళ్ల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, పెన్నుతో గుర్తు పెట్టుకుంటూ చదవండి. ఏఎంబీ, ఎంఏబీ (నెలవారీ సగటు బ్యాలెన్స్), ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఛార్జీ), ఇన్సిడెంటల్ (ఇతర ఖర్చులు), ఎన్ఏసీహెచ్ రిటర్న్ (ఆటో డెబిట్ ఫెయిలవడం) లాంటి పొడి అక్షరాలతో ఉంటాయి ఇవి, తొందరగా చూస్తే కనపడవు.

మా తమ్ముడి విషయమే చెప్తాను. ఉద్యోగం మారాక పాత జీతం ఖాతాలో రూ.4,300 వదిలేశాడు. జీతం పడటం ఆగాక బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చింది. ఏడాది తర్వాత చూస్తే బ్యాలెన్స్ మైనస్ రూ.420. స్టేట్‌మెంట్‌లో ఎనిమిది సార్లు రూ.500, దాని కిందే రూ.90. ఆ రూ.90 ఏంటా అని చూస్తే 18 శాతం జీఎస్టీ. అంటే ఒక్కో కోత రూ.590, ఎనిమిది కలిపి రూ.4,720. వాడు రూ.500ల లైన్లే లెక్కేసి రూ.4,000 అనుకున్నాడు. జీఎస్టీ లైన్లను చాలామంది ఇలాగే వదిలేస్తారు, మీరు వదలకండి.

పట్టిక ఇలా వేసుకోండి:

- కోత పడిన తేదీ
- స్టేట్‌మెంట్‌లో ఉన్న పేరు ఉన్నది ఉన్నట్టు
- ఛార్జీ, జీఎస్టీ విడివిడిగా
- దానికి ముందు నోటీసు వచ్చిందా, వస్తే ఏ తేదీన
- కోతకు ముందు బ్యాలెన్స్, తర్వాత బ్యాలెన్స్

నాలుగో గడి కోసం ఫోన్‌లో మెసేజ్‌లు, మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ కూడా వెతకండి. నిజంగా నోటీసు వచ్చి ఉంటే ఇప్పుడే తెలుసుకోవాలి, రేపు కమిషన్ ముందు బ్యాంకు వాళ్లు చూపిస్తే మీ మాటకి విలువ ఉండదు.

ఖాతా మూసేయాలనే కోపం వస్తుంది. ఆగండి. మూస్తే నెట్ బ్యాంకింగ్ పోతుంది, కాగితాలన్నీ చేతికొచ్చాకే ఆ పని.

## 3. బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు

కౌంటర్‌లో నోటితో చెప్పింది ఫిర్యాదు కాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా రిఫరెన్స్ నంబరు తీసుకోకపోతే చేయనట్టే లెక్క.

అంబుడ్స్‌మన్ లెక్కపెట్టే 30 రోజులు మీ ఫిర్యాదు బ్యాంకుకు అందిన రోజు నుంచి మొదలవుతాయి, కాబట్టి ఆ తేదీకి రుజువు ఉండాలి. బ్యాంకు వెబ్‌సైట్‌లోని ఫిర్యాదుల పేజీలో వేయడం అన్నిటికన్నా తేలిక, వెంటనే నంబరు వస్తుంది, ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. బ్రాంచ్‌లో ఇచ్చేటట్టయితే రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంప్ వేయించుకోండి. స్టాంప్ వేయం అని వాళ్లంటే గొడవ పెట్టుకోకుండా స్పీడ్ పోస్ట్‌లో పంపి, అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసుకోండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇలా:

"నా సేవింగ్స్ ఖాతా నుంచి ఫలానా తేదీల్లో మినిమం బ్యాలెన్స్ పెనాల్టీగా జీఎస్టీతో కలిపి మొత్తం రూ.4,720 డెబిట్ చేశారు (పట్టిక జతచేశాను). పెనాల్టీ వేసే ముందు ఇవ్వాల్సిన నెల గడువు నోటీసు నాకు అందలేదు. పెనాల్టీ కారణంగానే ఖాతా మైనస్‌లోకి వెళ్లింది. ఈ రెండూ ఆర్బీఐ 2014 నవంబరు 20 నాటి ఆదేశాలకు విరుద్ధం. కాబట్టి, 1) మొత్తం ఛార్జీ, జీఎస్టీ తిరిగి జమ చేయండి. 2) నోటీసు పంపారని మీరంటే ఏ నంబరుకు లేదా ఏ మెయిల్‌కు, ఏ తేదీన పంపారో ఆధారం ఇవ్వండి. 3) లోటును బట్టి ఛార్జీ ఎలా లెక్క కట్టారో తెలపండి."

ఆ రెండో అంశం తప్పకుండా రాయండి. మా తమ్ముడికి బ్యాంకు ఇచ్చిన జవాబు "రిజిస్టర్డ్ మెయిల్‌కు నోటీసు పంపాం" అని. ఏ మెయిల్ అని పట్టుబడితే తేలింది, అది పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ ఐడీ. వాడు మానేసిన రోజే అది మూసేశారు. మొబైల్ నంబరు మాత్రం మారలేదు, అదే నెలల్లో అదే బ్యాంకు నుంచి ఓటీపీలు ఆ నంబరుకే వచ్చాయి. ఆ ఓటీపీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లే మాకు అసలైన సాక్ష్యం అయ్యాయి. ఓటీపీ పంపగలిగిన బ్యాంకు నోటీసు పంపలేకపోయిందా అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు.

పంపే ముందు చూసుకోండి:

- ఖాతా నంబరు, బ్రాంచ్ పేరు, మీ మొబైల్ నంబరు ఉన్నాయా
- అడిగే మొత్తం అంకెల్లో స్పష్టంగా ఉందా
- ఏ నియమం తప్పారో ఒక్క వాక్యంలోనైనా ఉందా
- తిట్లు, బెదిరింపులు లేవు కదా

## 4. బ్యాంకు జవాబు వచ్చాక

ఒక్కోసారి ఇక్కడే పని అయిపోతుంది, మొత్తం జమ చేసేస్తారు. జీఎస్టీ కూడా వచ్చిందో లేదో చూసుకోండి.

ఫోన్ చేసి "సగం రివర్స్ చేస్తాం, ఫిర్యాదు క్లోజ్ చేసుకోండి" అంటే తొందరపడొద్దు. మెయిల్‌లో పంపమనండి. మెయిల్‌లో "ఫుల్ అండ్ ఫైనల్" అన్న మాట ఉంటే, దానికి ఒప్పుకున్నాక మిగతా సగం సంగతి మర్చిపోవాల్సిందే. ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే "ఇచ్చిన మొత్తం తీసుకుంటున్నాను, మిగతా దాని కోసం నా ఫిర్యాదు కొనసాగుతుంది" అని తిరుగు మెయిల్ రాయండి.

ఈ దశలో ఒక ప్రమాదం ఉంది. ఎక్స్‌లో, ఫేస్‌బుక్‌లో బ్యాంకు పేరు పెట్టి పోస్ట్ చేసిన గంటలోనే "రీఫండ్ డిపార్ట్‌మెంట్" అని ఫోన్లు వస్తాయి. లింకు నొక్కమంటారు, ఓటీపీ అడుగుతారు. రీఫండ్ జమ కావడానికి ఓటీపీ అవసరం లేదు. ఐదొందలు పోయిందని పోరాడుతూ యాభైవేలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

## 5. ఆర్బీఐ అంబుడ్స్‌మన్

బ్యాంకు తిరస్కరించినా, నచ్చని జవాబు ఇచ్చినా, 30 రోజులు గడిచినా జవాబే రాకపోయినా ఇక్కడికి రావచ్చు. నెలల తరబడి నాన్చకుండా వెంటనే వేసేయండి.

వేయాల్సింది సీఎంఎస్ డాట్ ఆర్బీఐ డాట్ ఓఆర్జీ డాట్ ఐఎన్ అనే పోర్టల్‌లో. మొబైల్‌కి ఓటీపీ వస్తుంది, బ్యాంకు పేరు ఎంచుకున్నాక వరసగా ప్రశ్నలు అడుగుతుంది. బ్యాంకుకు ఫిర్యాదు చేశారా, ఎప్పుడు, జవాబు వచ్చిందా, ఇదే విషయం కోర్టులో ఉందా, లాయర్ ద్వారా వేస్తున్నారా. ఈ ప్రశ్నల దగ్గరే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి. బ్యాంకు జవాబు రాకుండా, 30 రోజులు పూర్తి కాకముందే వేస్తే తీసుకోరు. కమిషన్‌లోనో కోర్టులోనో కేసు నడుస్తుంటే తీసుకోరు. లాయర్ ద్వారా వేసినా తీసుకోరు. అందుకే వరస ముఖ్యం అంటున్నాను, ముందు అంబుడ్స్‌మన్, తర్వాతే కమిషన్.

ఆన్‌లైన్ రానివాళ్లు చండీగఢ్ సెక్టార్ 17లో ఉన్న ఆర్బీఐ కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. సందేహాలుంటే 14448 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఫిర్యాదు రాసేటప్పుడు బ్యాంకుకు రాసిందే కాపీ చేసి వదిలేయకండి. బ్యాంకు ఏం జవాబిచ్చింది, ఆ జవాబు ఎందుకు తప్పు అన్నది రాయండి. మీరు పడిన బాధంతా రాయాలనిపిస్తుంది, కానీ చదివే అధికారికి కావాల్సింది తేదీలు, మొత్తాలు, తప్పిన నియమం.

మా తమ్ముడి కేసు ఇక్కడే తేలింది. పోర్టల్‌లో వేశాక బ్యాంకు వాళ్లే ఫోన్ చేసి, ముందు సగం అన్నారు, వద్దన్నాక మొత్తం జమ చేసి మైనస్ కూడా తీసేశారు.

## 6. జిల్లా వినియోగదారుల కమిషన్

అంబుడ్స్‌మన్ దగ్గర తిరస్కరణ వచ్చినా ఈ దారి మూసుకుపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బ్యాంకింగ్ కూడా సేవే. మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఖాతా ముంబైలో ఉన్నా, బ్యాంకు హెడ్డాఫీసు ఢిల్లీలో ఉన్నా మీరు గుంటూరులో ఉంటే గుంటూరులోనే. సేవకు మీరు చెల్లించిన విలువ రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

గడువు రెండేళ్లు, కోత పడిన రోజు నుంచి. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలం ఇందులో మినహాయిస్తారన్న ధీమా పెట్టుకోకండి, మీ మొదటి కోత తేదీకి రెండేళ్లు దగ్గర పడుతుంటే ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని దానికి ముందే వేయండి. దాటిపోతే ఆలస్యానికి కారణం చూపే పిటిషన్ జతచేయాలి, కమిషన్ ఒప్పుకుంటేనే ముందుకెళ్తుంది.

వ్యాపారం కోసం వాడే కరెంట్ ఖాతా అయితే "మీరు వినియోగదారు కాదు" అని బ్యాంకు అడ్డం పడుతుంది. సొంతంగా కష్టపడి బతికే చిన్న కొట్టు, ఆటో లాంటివైతే జీవనోపాధి కోసమేనని ఫిర్యాదులోనే రాసుకోండి.

ఇంకో మెలిక. "ఒప్పందమే అన్యాయం" అని రాస్తే అది రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాల్సిన కేసు అవుతుంది. జిల్లాలో వేసేటప్పుడు "సేవాలోపం", "అన్యాయ వ్యాపార పద్ధతి" అనే మాటలే వాడండి.

2025 జనవరి 1న వచ్చిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. కాగితాలు సిద్ధం చేసుకోవాల్సిన వరస:

- విషయసూచిక, తేదీల జాబితా
- పార్టీల వివరాలు: ఫిర్యాది మీరు, ఎదుటి పార్టీలుగా బ్రాంచ్ మేనేజర్, బ్యాంకు హెడ్డాఫీసు
- ఫిర్యాదు: నంబర్లు వేసిన చిన్న పేరాలుగా
- నోటరీ చేయించిన అఫిడవిట్ (రాసింది నిజమని ఇచ్చే ప్రమాణ పత్రం)
- స్టేట్‌మెంట్, మీ పట్టిక, బ్యాంకుకు రాసిన ఉత్తరం, అందిన రుజువు, బ్యాంకు జవాబు, అంబుడ్స్‌మన్ ఆర్డర్
- స్క్రీన్‌షాట్లకు, డౌన్‌లోడ్ చేసిన కాగితాలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ కాపీలు అసలైనవేనని చెప్పేది)

కాగితాలకు ఏ1, ఏ2 అని నంబర్లు వేసి, ఫిర్యాదులో ఆ మాట వచ్చిన చోటల్లా ఆ నంబరు రాయండి. మన కమిషన్లలో ఫిర్యాది కాగితాలు ఏ, ఎదుటి పార్టీవి బీ సిరీస్. ఇలా ముందే సర్దుకుని వస్తే మీ కేసు చదవడం సభ్యులకు చాలా సులువవుతుంది.

చివర ఏం అడుగుతున్నారో రాయాలి. కోసిన మొత్తం, దాని మీద ఏడాదికి 9 శాతం వడ్డీ, మానసిక వేదనకు కొంత, ఖర్చులకు కొంత. నాలుగు వేల కోతకు పది లక్షల పరిహారం అడగొద్దు, అసలు కోరిక మీద కూడా నమ్మకం పోతుంది. పదివేలు, అయిదువేలు అలా అడగండి.

## 7. వాయిదాల్లో ఏం జరుగుతుంది

ముందు అడ్మిషన్, అంటే ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అన్నది. తర్వాత బ్యాంకుకు నోటీసు వెళ్తుంది. బ్యాంకు జవాబుకు 30 రోజులు, కమిషన్ ఇస్తే ఇంకో 15. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో ఆ 45 రోజులు దాటితే తీసుకోకూడదని తేల్చి చెప్పింది. కాబట్టి నోటీసు అందిన తేదీ మీ దగ్గర ఉండాలి, 46వ రోజున బ్యాంకు జవాబు తెస్తే అభ్యంతరం చెప్పండి.

తర్వాత సాక్ష్యం అఫిడవిట్ రూపంలోనే. ఆ పైన వాదనలు. మాట్లాడటానికి టెన్షన్ ఉంటే రెండు పేజీల రాతపూర్వక వాదన ఇచ్చేయండి. దూరంగా ఉంటే వీడియోలో హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు. మధ్యవర్తిత్వానికి పంపితే వెళ్లండి, చిన్న మొత్తాల్లో చాలా బ్యాంకులు అక్కడ ఇచ్చేస్తాయి.

చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది, అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని సిద్ధపడండి. వాయిదాకి వెళ్లకపోతే కేసు కొట్టేయొచ్చు, అందుకే ప్రతి వాయిదా తేదీని పోర్టల్‌లో ముందు రోజు చూసుకోండి.

## 8. ఎక్కువమంది చేసే తప్పులు, సరిచేసుకునే తీరు

నోటితో మాత్రమే ఫిర్యాదు చేశారా? ఇవాళే రాతపూర్వకంగా వేయండి, 30 రోజులు ఇవాళ్టి నుంచి లెక్క.

తొందరపడి అంబుడ్స్‌మన్‌కి వేస్తే వెనక్కి పంపారా? కంగారు లేదు, 30 రోజులు నిండాక మళ్లీ కొత్తగా వేయండి.

ఖాతా మూసేశారా? పాన్, ఆధార్‌తో బ్రాంచ్‌కి రాసి స్టేట్‌మెంట్ అడగండి. ఖాతా మూసినంత మాత్రాన పాత కోతల మీద హక్కు పోదు.

"ఇప్పుడు మా బ్యాంకులో మినిమం బ్యాలెన్సే లేదు కదా" అంటున్నారా? స్టేట్ బ్యాంక్ 2020లో, కెనరా బ్యాంక్ 2025 జూన్‌లో ఎత్తేశాయి. ఎత్తేయడానికి ముందు నియమం తప్పి కోసినది మాత్రం అడగొచ్చు, రెండేళ్ల గడువు చూసుకోండి.

అమ్మానాన్నల ఖాతా అయితే? ఫిర్యాదు వాళ్ల పేరు మీదే ఉండాలి, వాళ్లే సంతకం పెట్టాలి. మీరు రాసిపెట్టండి, పక్కన ఉండండి.

## 9. ఆర్డర్ వచ్చాక

సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఒక కవరింగ్ లెటర్‌తో బ్యాంకుకు స్పీడ్ పోస్ట్ చేయండి. అప్పీలుకు ఇద్దరికీ 45 రోజులుంటాయి, బ్యాంకు అప్పీలుకు వెళ్లాలంటే ఆర్డర్‌లోని మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి. చిన్న మొత్తాలకు అంతదూరం పోవడం తక్కువే.

ఆర్డర్‌లో ఇచ్చిన గడువు దాటినా డబ్బు రాకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 72 కింద ఆర్డర్ పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.25,000 నుంచి లక్ష దాకా జరిమానా పడొచ్చు. బ్యాంకు లాయర్లకు ఈ సెక్షన్ బాగా తెలుసు, పిటిషన్ నంబరు పడ్డాక చెల్లింపు కదులుతుంది.

డబ్బు జమయ్యాక స్టేట్‌మెంట్ తెరిచి అసలు, జీఎస్టీ, వడ్డీ, ఖర్చులు నాలుగూ వచ్చాయో లేదో మీ పట్టికతో పోల్చుకోండి. తర్వాతి మూడు నెలలు కూడా చూడండి, ఒకసారి తిరిగి ఇచ్చిన ఛార్జీ మళ్లీ పడితే పాత ఆర్డర్ కాపీ జతచేసి అదే రోజు మెయిల్ పెట్టండి.